చర్మం, చేయి, ఆయుధం: ‘సాయుధ’ అనే మాట వెనుక చరిత్ర

మా ఇంటి చూరులో ఒక రంపె ఉండేది. తోలు కోసే రంపె. దాని పక్కనే ఆరె. మా నాయిన పొద్దున్నే రంపెను రాయి మీద నూరుకొని పనికి కూర్చునేవాడు. నేను హైస్కూల్లో ఉండగా ఊళ్లో ఒక తగాదా జరిగి మా వాడ మనుషుల మీద కేసు పెట్టారు. పంచనామా కాగితంలో మా రంపెను ‘మారణాయుధం’ అని రాశారు. అవతలివాళ్ల ఇంట్లో గోడకు వేలాడే తుపాకి సంగతి ఆ కాగితంలో లేదు. దానికి లైసెన్సు ఉంది. మా నాయినకు చదువు రాదు. కాగితం నాతో చదివించుకొని, “ఇది పనిముట్టు గదరా బిడ్డా, ఆయుధమెప్పుడైంది?” అని అడిగాడు.

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. పరిశోధనకు వచ్చి నిఘంటువులు తిరగేయడం మొదలుపెట్టినాక, ఇది మా నాయిన ఒక్కడి ప్రశ్న కాదని అర్థమైంది. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అని చదువుకున్నాం. మాటలకీ చరిత్ర ఉంటుందని, అందులో శ్రమా కులమూ దాగి ఉంటాయని మనకు ఎవరూ చెప్పలేదు. ‘ఆయుధం ధరించినవాడు’ అనడానికి వేర్వేరు భాషలు ఏ మాటలు వాడాయి, అవి ఎక్కడి నుంచి పుట్టాయి, వాటిని పుట్టించిన చేతులకు ఆయుధం పట్టే హక్కు ఎందుకు లేకుండా పోయింది అన్నది చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

పనిముట్టే మొదట

ప్రాచీన గ్రీకుల్లో బరువైన డాలు, బల్లెం పట్టిన సైనికుణ్ణి ‘హోప్లైట్’ అన్నారు. ఈ మాట ‘హోప్లాన్’ నుంచి వచ్చింది. హోప్లాన్ అంటే మొదట పనిముట్టే. హోమర్ కావ్యాల్లో ఓడ తాళ్లకూ, కమ్మరి దేవుడు హెఫైస్టస్ కొలిమి సామానుకూ ఈ మాటే వాడారు. తర్వాత కాలంలో అదే మాట యుద్ధ సామగ్రికి స్థిరపడింది. అయితే హోప్లైట్ కావాలంటే ఎవరి సామగ్రి వాళ్లే కొనుక్కోవాలి. ఏథెన్సులో కొనలేని పేదలు యుద్ధనౌకల్లో తెడ్లు వేశారు. పనిముట్టు పేరు ఆయుధానికి పోయింది, పని చేసేవాడు తెడ్డు దగ్గరే మిగిలాడు.

లాటిన్ ‘అర్మా’ కథ కూడా ఇట్లాంటిదే. ఇంగ్లీషులో ఆర్మ్స్, ఆర్మీ, ఆర్మ్‌డ్ అన్నీ దీని నుంచి వచ్చినవే. ఒకదానికొకటి అతికేట్టు అమర్చడం అనే అర్థమున్న ధాతువు దీని మూలం. రోమన్ కవి వర్జిల్ వ్యవసాయం మీద రాసిన కావ్యంలో రైతు పనిముట్లను కూడా ‘అర్మా’ అనే అన్నాడు. అంటే నాగలికీ కత్తికీ ఒకే మాట సరిపోయిన కాలం ఒకటుంది.

మన వైపు చూస్తే చేయి కనిపిస్తుంది. హిందీ, ఉర్దూల్లో ఆయుధాన్ని ‘హథియార్’ అంటారు. ‘హాథ్’ అంటే చేయి. ఆయుధం ధరించినవాణ్ణి ‘హథియార్‌బంద్’ అంటారు. పాత తెలుగు కావ్యభాషలో ఆయుధానికి ‘కైదువు’ అనే మాట ఉంది. కన్నడంలో ‘కైదు’. తమిళంలో, కన్నడంలో ‘కై’ అంటే చేయి అని మనకు తెలుసు. చేతిలో ఇమిడేది కైదువు. ఏ చేయి అన్నది ఆ మాట చెప్పదు. అది తర్వాత శాస్త్రాలు చెప్పాయి.

ఇంకొన్ని భాషల్లో ఆయుధం మనిషికే కొలత అయింది. పాత ఇంగ్లీషులో మగవాణ్ణి ‘వేప్‌నెడ్‌మన్’ అన్నారు, అంటే ఆయుధమున్న మనిషి. ఆడమనిషికి వేరే పేరు. జర్మన్‌లో ఆయుధం ‘వాఫె’ అయితే, ఆ మాటకే మరో రూపమైన ‘వాపెన్’ వంశచిహ్నం అయింది. ఇంగ్లీషు ‘కోట్ ఆఫ్ ఆర్మ్స్’ కూడా అంతే. ఆయుధమంటే ఇక ఇనుము కాదు, మగతనం, వంశం, హోదా.

తోలు కట్టు

మన పత్రికల్లో రోజూ చూసే మాట ‘సన్నాహాలు’. ఎన్నికల సన్నాహాలు, పెళ్లి సన్నాహాలు. ‘సన్నద్ధం’ కూడా ఈ మాటకు చుట్టమే. రెండింటికీ మూలం ‘నహ్’ అనే సంస్కృత ధాతువు. దాని అర్థం కట్టడం. సన్నాహమంటే మొదట కవచాన్ని ఒంటికి బిగించి కట్టుకోవడం. సన్నద్ధుడంటే కట్టుకొని నిలబడ్డవాడు, అంటే సాయుధుడు. యుద్ధం పోయింది, ‘సిద్ధం’ అనే అర్థం మిగిలింది.

మరి దేనితో కట్టారు? ఋగ్వేదం ఆరో మండలంలో 75వ సూక్తం ఆయుధాలను పొగిడే సూక్తం. అందులో బాణాన్ని వర్ణిస్తూ ఈ ‘సన్నద్ధ’ అనే మాటే వాడారు. అది ఆవు నుంచి వచ్చిన నరంతోనో తోలుతోనో కట్టిన బాణం. సంస్కృతంలో ‘చర్మం’ అంటే తోలు ఒక్కటే కాదు, డాలు కూడా. వీరుడి చేతిలో ఉంటే అది డాలు, మా నాయిన చేతిలో ఉంటే అది మైల. ఒక్క మాటకు రెండు బతుకులు.

ఇది సంస్కృతంలోనే కాదు. యూరప్‌లో ఛాతీ కవచాన్ని ఫ్రెంచివాళ్లు ‘క్విరాస్’ అన్నారు. ‘క్విర్’ అంటే తోలు. తోలు పోయి ఉక్కు వచ్చినా పేరు మారలేదు. ఆధునిక యుద్ధనౌకను కూడా ఫ్రెంచిలో ‘క్విరాసే’ అన్నారు. అంత ఉక్కు ఓడకు తోలు పేరు!

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. వింటినారి, డాలు, ఒర, నడికట్టు, గుర్రం జీను, కళ్లెం, యుద్ధభేరి. వీటిలో తోలు లేనిది ఏది? చచ్చిన పశువును మోసి, తోలు ఒలిచి, సున్నంలో తంగేడు చెక్కలో ఊనవేసి, కోసి కుట్టినోళ్లు లేకుండా ఏ రాజు సన్నద్ధుడయ్యాడు? వీరుడి పేరు శాసనంలో ఉంది. తోలు కుట్టినవాడి జాడ నిఘంటువులో మాత్రమే మిగిలింది.

జపాన్: కత్తి, ఇంటిపేరు

ఇది హిందూమతం ఒక్కదానితోనే ముడిపడ్డ విషయం కాదని జపాన్ చరిత్ర చెబుతుంది. 1588లో జపాన్ పాలకుడు హిదెయోషి ‘కతనగారి’ అనే ఆజ్ఞ జారీ చేశాడు. ఆ మాటకు కత్తుల వేట అని అర్థం. రైతుల దగ్గరున్న కత్తులు, బల్లేలు, తుపాకులు అన్నీ లాక్కున్నారు. ఆ ఇనుమును బుద్ధ విగ్రహానికి కావలసిన మేకులకు, బంధాలకు వాడతామని నమ్మబలికారు. రైతుకు వ్యవసాయ పనిముట్లు ఉంటే చాలు, పిల్లాపాపలతో సుఖంగా ఉంటాడని ఆజ్ఞలో నీతి చెప్పారు. ఆ హిదెయోషి తానూ రైతు కుటుంబంలో పుట్టి, ఆయుధం పట్టి పైకొచ్చినవాడే. తాను ఎక్కిన నిచ్చెనను తానే తీసేశాడు.

ఆ తర్వాత జపాన్‌లో ‘మ్యోజి తైతో’ అని ఒక హక్కు స్థిరపడింది. మ్యోజి అంటే ఇంటిపేరు. తైతో అంటే కత్తిని నడుముకు ధరించడం. ఈ రెండూ సమురాయిల హక్కు. మామూలు జనంలో ఎవరికైనా దయతలచి ఇస్తే రెండూ కలిపి గౌరవంగా ఇచ్చేవారు. ఇంటిపేరుకూ కత్తికీ సంబంధమేమిటి? మన వాడల్లో మనుషుల్ని ఏమని పిలిచేవాళ్లో గుర్తు చేసుకుంటే సంబంధం తెలుస్తుంది. ఆయుధం లేనివాడికి గౌరవంగా పిలిపించుకునే పేరు కూడా అక్కర్లేదన్నమాట.

ఆ సమురాయి కవచాలకు, గుర్రపు సామానుకు తోలు ఇచ్చినవాళ్లు ‘కవత’లు. తోలుపని వాళ్లను ఆ పేరుతో పిలిచారు. యుద్ధాల కాలంలో ప్రభువులు వీళ్ల కోసం పోటీపడ్డారు. తర్వాత వీళ్లనే మైలవాళ్లుగా ముద్రవేసి ఊరి బయట పెట్టారు. 1871లో ప్రభుత్వం ఈ అంటరాని హోదాను రద్దు చేసింది. 1876లో సమురాయిలు కత్తి ధరించడాన్ని నిషేధించింది. చట్టంలో రెండూ పోయినా, ఆ సమూహాల వారసుల మీద వివక్ష 20వ శతాబ్దమంతా కొనసాగింది.

శస్త్రం, శాస్త్రం

సంస్కృతంలో శస్త్రం ‘శస్’ నుంచి వచ్చింది, అర్థం నరకడం. అస్త్రం ‘అస్’ నుంచి వచ్చింది, అర్థం విసరడం. శాస్త్రం ‘శాస్’ నుంచి వచ్చింది, అర్థం ఆజ్ఞాపించడం, బోధించడం. శస్త్రానికీ శాస్త్రానికీ ధాతువులు వేరు. కాని మనకు రెండింటినీ ఒకే చోట ఆపారు. మనుస్మృతి 8వ అధ్యాయం 348వ శ్లోకం ధర్మానికి అడ్డంకి వస్తే ద్విజులు ఆయుధం పట్టవచ్చునంటుంది. ద్విజులు కానివాళ్ల మాట అందులో లేదు. ఆ ధర్మం ఎవరి మెడ మీద ఉందో వాళ్లకు ఆయుధం లేదు.

వాస్తవ చరిత్ర స్మృతుల ప్రకారమే నడవలేదు, నిజమే. కాకతీయుల శాసనాలు కొన్ని వాళ్లను నాలుగో వర్ణం వాళ్లుగా చెప్పాయి. భూమి చేజిక్కిన శూద్రకులాలు కత్తి పట్టాయి, రాజ్యాలేలాయి. కాని పంచములకు దక్కింది ఊరి కాపలా కర్ర. అది ఊరిని కాయడానికే, తమ వాడను కాచుకోవడానికి కాదు.

అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో ఈ విషయాన్నే సూటిగా పట్టుకున్నారు. ఇతర దేశాల్లో సామాజిక విప్లవాలు వచ్చాయి, ఇక్కడెందుకు రాలేదు? చాతుర్వర్ణ్యం కింది కులాలకు ఆయుధాన్నీ చదువునూ రెండింటినీ లేకుండా చేసింది, అందుకే తిరగబడలేకపోయారు అన్నది ఆయన వాదన. ఇది ఆయనకు పుస్తకాల్లో దొరికిన సంగతి మాత్రమే కాదు. ఆయన తండ్రి బ్రిటిష్ సైన్యంలో సుబేదారు. మహర్లు బొంబాయి సైన్యంలో పనిచేశారు, 1818 జనవరి 1న కోరేగావ్‌లో పోరాడారు. 1890లలో ‘యుద్ధజాతులు’ అనే సిద్ధాంతం ముందుకు తెచ్చి మహర్ల భర్తీ ఆపేశారు. 1894లో గోపాల్ బాబా వలంగ్‌కర్ దాని మీద విజ్ఞప్తి తయారుచేశాడు. మొదటి ప్రపంచయుద్ధం అవసరానికి 1917లో మహర్ పటాలం పెట్టి, 1921లో రద్దు చేశారు. మళ్లీ యుద్ధం వచ్చినాక 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడింది. అవసరమైతే వీరులు, తీరితే అంటరానివాళ్లు.

గుత్ప నుంచి తుపాకి దాకా

‘సాయుధ’ అంటే ఆయుధంతో కూడినది. ఆయుధానికి మూలం ‘యుధ్’, పోరాడటం. తెలుగువాళ్లకు ఈ మాట వినగానే తెలంగాణ సాయుధ పోరాటం గుర్తొస్తుంది. కమ్యూనిస్టు నాయకులు సాయుధ పోరాటానికి పిలుపునిచ్చింది 1947 సెప్టెంబర్ 11న. కాని 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో చనిపోయేనాటికే జనం చేతుల్లో గుత్పలు, వడిసెలలు ఉన్నాయి. సంఘాన్ని గుత్పల సంఘమని పిలిచినవాళ్లూ ఉన్నారు. ఆడవాళ్లు కారంపొడి, రోకళ్లు పట్టారు. తర్వాత తుపాకులొచ్చాయి. ‘తుపాకి’ తుర్కీ మూలం నుంచి మన దాకా వచ్చిన మాట. ‘బందూకు’ అరబ్బీ నుంచి వచ్చింది. ఆ భాషలో అది మొదట ఒక గింజ పేరు, తర్వాత గుండు పేరు.

పోరాటాన్ని తుపాకి వచ్చిన రోజు నుంచి లెక్కపెడితే నాయకులు ముందుకొస్తారు. గుత్ప పట్టిన రోజు నుంచి లెక్కపెడితే గొల్లలు, చాకళ్లు, మాలలు, మాదిగలు, ఆడవాళ్లు ముందుకొస్తారు. ‘సాయుధ’ అనే మాట ఎక్కడ మొదలుపెడతామన్నది చరిత్ర రచనలో చిన్న విషయం కాదు.

బిందె ఆయుధమా?

1985 జూలై 16న కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర కమ్మ యువకులు కుడితి బకెట్టు కడుగుతుంటే మాదిగలు అడ్డు చెప్పారు. వాళ్లు కొట్టబోతే మున్నంగి సువార్త అనే మాదిగ స్త్రీ తన చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు భూస్వామ్య మూక గొడ్డళ్లు, బరిసెలతో మాదిగపల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు. నీళ్లకు తెచ్చుకున్న బిందె ఆ ఒక్క క్షణం డాలు అయింది. దాన్నే వాళ్లు తిరుగుబాటుగా చదువుకున్నారు. బిందె ఎత్తిన చేయి ఎవరిదన్నదే అసలు నేరం.

1860 శిక్షాస్మృతిలోని 148వ సెక్షన్ మారణాయుధాలతో అల్లర్లకు శిక్ష వేసింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 191(3) అయింది. ప్రాణం తీయగల ఏ వస్తువైనా, దాడికి వాడితే, ఆ మాట కిందకి రావచ్చు. కాబట్టి ఆ పేరు పెట్టే అధికారం కాగితం రాసేవాడి చేతిలో ఉంది. రాజ్యాంగం 19వ అధికరణ నిరాయుధంగా, శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు మనకిచ్చింది. మన రంపెను, కొడవలిని, డప్పు పుల్లను ఆయుధాలని రాసిన రోజున ఆ హక్కు కూడా కాగితం మీదే పోతుంది.

ఇది కత్తి పట్టమని చెప్పే వ్యాసం కాదు. మాటను మనం పట్టుకోవాలని చెప్పే వ్యాసం. సాయుధ బృందాన్ని ‘దళం’ అంటాం. మనల్ని మనం ‘దళితులం’ అంటున్నాం. రెండింటికీ ధాతువు ఒకటే, ‘దల్’. చీలడం, పగలడం అని దాని అర్థం. చీలి వచ్చిన ముక్క దళం, చీల్చబడ్డవాడు దళితుడు. ఒక మాటలో సమూహబలం వినిపిస్తే రెండో మాటలో గాయం వినిపిస్తుంది. ఆ గాయాన్నే సమూహబలంగా మార్చుకున్నది 1972లో దళిత్ పాంథర్లు, 1985లో దళిత మహాసభ.

పనిముట్టు ఆయుధమెప్పుడైంది అని మా నాయిన అడిగాడు. పనిముట్టెప్పుడూ అక్కడే ఉంది నాయినా, దాని పేరు మార్చే హక్కే వాళ్ల దగ్గరికి పోయింది అని ఇప్పుడు చెప్పగలను. విద్యార్థులూ, కార్యకర్తలూ, టీచర్లూ ఒక పని చేయాలి. మీ వాడల్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి పనిముట్ల పేర్లన్నీ రాసుకోండి. తర్వాత మీ ఊరి కేసుల పంచనామాలు తీసి, అవే వస్తువులను ఎవరి చేతిలో ఉంటే ఏమని రాశారో పక్కపక్కన పెట్టి చూడండి. ఈ చరిత్రలో రాయాల్సిన భాగం ఇంకా అక్కడే ఉంది.