రోళ్లపాడు బీడులో జింకలు పెరిగాయి, బట్టమేక పోయింది

రోళ్లపాడు అంటే బయటివాళ్లకు బట్టమేక పిట్ట. మా నందికొట్కూరు వైపు మెట్టరైతుకు మాత్రం జింకలు, రాత్రుళ్లు చేను కావలి.

1988లో అక్కడి 614 హెక్టార్ల బీడును అభయారణ్యం చేశారు. అంతకుముందు ఊళ్ల గొర్రెలు, ఆవులు మేసిన నేల అది. మేత ఆపారు, కంచె వేశారు, గడ్డి లేచింది. కృష్ణజింకకు కావలసింది అంతే. కడుపునిండా గడ్డి దొరికి, వేటగాడి భయం తప్పితే ఏ కాలంలోనైనా ఈనుతుంది. పదుల్లో ఉన్న మంద వందలు దాటింది. గడ్డి చాలకపోతే పక్కనే మన శనగ చేను ఉండనే ఉంది!

బట్టమేక లెక్క వేరు. మీటరు ఎత్తు పిట్ట, మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. అంత పక్షి గూడు కట్టదు. వట్టి నేల మీద, మట్టిరంగులో కలిసిపోయే ఒక్క గుడ్డు పెట్టి, ఆడపిట్ట ఒక్కతే దాదాపు నెల పొదుగుతుంది. నక్కో, ఊరకుక్కో ఆ గుడ్డు తిన్నదంటే ఆ విడత పోయినట్టే.

మొదట్లో ఈ పిట్టకూ కంచె మేలే చేసింది, లోపల గుడ్లు పెట్టింది. కానీ దాని తిండి ఎక్కువగా కంచె బయట ఉండేది. జొన్న, కొర్ర చేలల్లో మిడతలు, పురుగులు, తొండలు ఏరుకునేది. అలగనూరు రిజర్వాయరు వచ్చింది, కాలవనీళ్లు వచ్చాయి, పత్తీ పొద్దుతిరుగుడూ వచ్చాయి, వాటి వెనకే మందు డబ్బాలూ వచ్చాయి. మిడత చచ్చాక పిట్ట ఏం తింటుంది? 1990ల నుంచి అది తగ్గుతూనే వచ్చింది. రైతును తప్పుపట్టను. నీళ్లు పారితే నేనూ కొర్ర వేసేవాణ్ణి కాను.

ఒకే బీడు, ఒకే వాన. ఒక జీవికి గడ్డి ఒక్కటే కొరత, అది తీరగానే పెరిగింది. రెండోదానికి చుట్టూ ఉన్న మెట్ట వ్యవసాయమంతా కావాలి. దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

ఇప్పుడు దేశం మొత్తం మీద ఈ పిట్టలు రెండు వందలైనా లేవు, ఉన్నవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే. మళ్లీ ఇక్కడ కనపడాలంటే ఇంకో కంచె అక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్లలో మందు కొట్టకుండా జొన్న, కొర్ర వేసే రైతుకు గిట్టుబాటు ధర ఇవ్వండి, జింకలు మేసిన చేనుకు పరిహారం ఆ పంటకాలంలోనే చేతిలో పెట్టండి.