పాత ప్రోగ్రాముకు కొత్త వేరు

అంటు మామిడి సంగతి నూజివీడు వారికి చెప్పనక్కరలేదు. వేరు ఒక చెట్టుది, కాయ మరొక చెట్టుది. కంప్యూటర్ల చరిత్రలోనూ అటువంటి పని జరిగింది.

తొలిరోజుల్లో యంత్రం మారితే ప్రోగ్రాములన్నీ తిరగరాయవలసి వచ్చేది. 1964లో ఐబీఎం సంస్థ సిస్టమ్/360 ప్రకటించినప్పుడు, 1959 నాటి తన 1401 యంత్రపు ప్రోగ్రాములు కొన్ని మోడళ్లలో నడిచే ఏర్పాటు చేసింది. పాత ఆదేశాలను కొత్త యంత్రమే దుబాసీలా గ్రహించి అమలుచేసేది. దీనినే ఎమ్యులేషన్ అన్నారు. 1977లో డిజిటల్ సంస్థ తెచ్చిన వ్యాక్స్ కూడా పాత పీడీపీ-11 ప్రోగ్రాములను నడిపేది.

ఆ వ్యాక్స్ యంత్రాల మీదే 1985లో ఢిల్లీలో రైల్వే కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. తరువాత వచ్చిన 'కన్సర్ట్' ప్రోగ్రాము మొదట అమలైనది సికింద్రాబాదులోనే. 1999 నాటికి ఐదు కేంద్రాలూ దాంతో కలిశాయి.

ఇంతలో వ్యాక్స్ పోయి 1992లో ఆల్ఫా, అటుపిమ్మట ఐటానియం ప్రాసెసర్లు వచ్చాయి. ప్రతిసారీ వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమును కొత్త ప్రాసెసరుకు మలిచారు. ప్రోగ్రాము మూలప్రతి పోయినవారికి అనువాద సాధనాలూ ఇచ్చారు. రైల్వేలో 2010లో నెలకొల్పిన రిజర్వేషన్ వ్యవస్థ కూడా ఐటానియం, ఓపెన్ వీఎంఎస్‌ల మీదనే.

ఇంత శ్రమ ఎందుకంటే, కోటాలు, వెయిటింగ్ లిస్టు, ఛార్జీల లెక్కలు, ఎందరో ఉద్యోగుల అనుభవం ఆ ప్రోగ్రాములోనే ఉన్నాయి. తిరగరాస్తే ఏ చిన్న నిబంధన జారినా ప్రయాణికుడికే ఇబ్బంది. అయితే అంటుకూ సంరక్షణ కావాలి. ప్రోగ్రాము ఎరిగినవారు పదవీ విరమణ చేసేలోగా తమకు తెలిసినది కాగితం మీద పెట్టి వెళ్లాలి. యంత్రం ఆదేశాలను అమలుచేస్తుంది గాని, వాటి కారణం చెప్పలేదు.