తాళము లేని కొట్టు



మనుమడు సెల్‌ఫోనులో క్రొత్త సినిమా చూచుచుండగా ‘ఎక్కడిదిరా యిది?’ యని మీరడిగినచో, ‘ఊరకే దొరికినది తాతా, దానికి తాళమే లేదు’ అనును. వాడు చెప్పినది అబద్ధము కాదు. ఎక్కడనో యొక కంప్యూటరుండును, దానిని సర్వరందురు. బీరువాలో దస్త్రముల వలె అందులో ఫైళ్లుండును. యజమాని రహస్యపదము పెట్టక విడిచినచో ఆ ఫైళ్ల పట్టిక యంతయు దారిన పోవువారికి కనబడును. పేరుపై వ్రేలుంచినంతనే సినిమా మన ఫోనులోనికి దిగును. అయితే తాళము లేనంతమాత్రమున సొత్తు మనదగునా?

ఈ చిక్కు అచ్చుయంత్రముతో పుట్టినది. తాటాకుపై గంటముతో వ్రాసికొను దినములలో ప్రతికి పడు శ్రమయే గ్రంథమునకు కాపలా. అచ్చు వచ్చిన పిమ్మట ఒకరు వ్రాసినదానిని మరియొకరు వందలకొలది ప్రతులు తీసి యమ్ముకొనుట సులభమయ్యెను. ఇంగ్లండులో 1710లో అమలునకు వచ్చిన ఆన్ రాణి నాటి శాసనము, క్రొత్త గ్రంథముపై 14 ఏండ్ల హక్కును, అప్పటికి గ్రంథకర్త జీవించియున్నచో మరి 14 ఏండ్లను ఇచ్చెను. లండను పుస్తక వ్యాపారులకు ఈ గడువు రుచింపలేదు. తాము కొన్న హక్కు శాశ్వతమని వారు వాదించిరి. ఎడింబరో వాడగు డొనాల్డుసను అను వ్యాపారి గడువు తీరిన గ్రంథములను చౌకగా నచ్చొత్తి యమ్మసాగెను. జేమ్స్ థామ్సన్ కవి రచించిన ఋతువర్ణన కావ్యమును గూర్చిన వ్యాజ్యము ప్రభువుల సభ వరకు పోయినది. 1774 ఫిబ్రవరిలో సభ డొనాల్డుసను పక్షమున తీర్పు చెప్పెను. హక్కు కలదు, కాని దానికి ముగింపును కలదు. కాపీరైటును గూర్చి నేనెరిగిన తీర్పులలో పొలము గట్టు వంటిది ఇదియే. ఇరువైపుల వారికిని హద్దు చూపినది.

మన దేశమున 1914 నాటి చట్టము బ్రిటిషువారి 1911 చట్టమునకు అనుసరణము. ‘భక్త ప్రహ్లాద’ 1932లో తెలుగున మాటలాడినప్పుడు ఆ చట్టమున చలనచిత్రమునకు ప్రత్యేకస్థానము లేదు. 1957 చట్టము దానికి వేరుగా చోటిచ్చినది. నేడు సినిమాపై హక్కు, విడుదలయైన యేడు ముగిసిన పిదప 60 ఏండ్లు నిలుచును. తెలిసియు దానిని భంగపరచినవారికి 6 నెలలు మొదలు 3 ఏండ్ల వరకు కారాగారము, 50 వేలు మొదలు 2 లక్షల రూపాయల వరకు జరిమానా. వ్యాపారలాభమునకై చేయనిచో న్యాయాధిపతి కారణములు వ్రాసి శిక్ష తగ్గింపవచ్చును.

ఇక తాళము సంగతికి వత్తము. ఫ్రాన్సులో 2012లో ఒక ప్రభుత్వ ఆరోగ్యసంస్థ కంప్యూటరునందలి దస్త్రములు పొరపాటున బయలుపడియుండెను. ఇంటర్నెట్టులో వెదకుచున్న యొకనికి అవి కంటబడెను. అతడు వాటిని పెద్దమొత్తమున దింపుకొనెను. క్రింది న్యాయస్థానము, తలుపు తెరచియుంచినది సంస్థయే గదా యని, అతనిని విడిచిపెట్టినది. పారిస్ అప్పీలు కోర్టు 2014లో ఆ తీర్పును మార్చెను. ఎందుకనగా, అతడు ముందరి పుటకు పోయి, అచట లోనికి వచ్చువారు పేరు, గుర్తు చెప్పవలెనను సంగతిని కన్నులార చూచియు, వెనుకకు మరలలేదు. 3,000 యూరోల జరిమానా పడినది. 2015లో పై న్యాయస్థానమును దానిని ఖాయపరచెను. అవి సినిమాలు కావు, నిజమే. కాని తాళమును గూర్చిన ప్రశ్న అదియే.

మన 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమును, 43వ సెక్షనులో, యజమాని యనుమతి లేక అతని కంప్యూటరునుండి దింపుకొనుటను తప్పనుచున్నది. అడుగునది యనుమతినే గాని తాళమును గాదు.

‘మేము చూచుకొనుటకే గదా’ యందురు. స్వంత ఉపయోగమునకు న్యాయమైన మేర వాడుకొనుటను కాపీరైటు చట్టము మినహాయించిన మాట నిజము. క్రొత్త సినిమా మొత్తము ఆ మేరలో నిముడునని నమ్మి కూర్చుండుట మాత్రము సాహసము. పైగా కుఱ్ఱవాడు చూచి యూరకుండునా? నలుగురు మిత్రులకు పంపును. అప్పుడు వాడు పంచినవాడగును. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చిత్రములో పెద్దభాగము విడుదలకు ముందే బయటపడినప్పుడు, కృష్ణా జిల్లాలో పోలీసులు చేతులు మారిన జాడ పట్టుకొని కొందరిని నిర్బంధించిరి. అన్నిటికంటె ముఖ్యమైనది మరచిపోవుచున్నాను. ఇంటి కనెక్షను తాతగారి పేర నున్నచో, విచారణకు వచ్చువారు మొదట పిలుచునది తాతగారినే.

పాత చిత్రముల మాటయేమని కొందరడుగవచ్చును. ‘మాయాబజార్’ 1957లో వచ్చినది గనుక చిత్రముపై హక్కు 2017తో తీరినది. కాని దానికి మాటలును పాటలును వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో గతించిరి. రచనపై హక్కు వారి యనంతరము 60 ఏండ్లు, అనగా 2031 చివరివరకు నుండును. రంగులద్ది 2010లో విడుదల చేసిన ప్రతి సంగతి వేరు. కావున మనుమడు ‘మాయాబజార్’ దింపితిననినను, ఏ ప్రతియో, ఎవరి కొట్టులోనిదో, మరల నడుగవలసియే యుండును.