మందుచీటీలో మనిషి తోడు

బీపీ మాత్రలు ఇంకా పది రోజులకు సరిపడా ఉంటాయి. అయినా ఆ పెద్దాయన పొద్దున్నే డాక్టరు గది ముందు కూర్చుంటాడు. మోకాలు నొప్పంటాడు, నిద్ర పట్టడం లేదంటాడు. భార్య పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదన్న మాట మాత్రం ఆయన నోట రాదు. ఇలాంటివారికి మరో మాత్ర కాకుండా నలుగురి తోడు రాసివ్వడాన్నే ఇంగ్లండులో ‘సోషల్ ప్రిస్క్రైబింగ్’ అంటున్నారు. పేరు ఈమధ్యదే గానీ దాని వేళ్లు వందేళ్ల వెనక ఉన్నాయి.

1926లో దక్షిణ లండన్‌లోని పెక్‌హామ్‌లో జార్జ్ స్కాట్ విలియమ్సన్, ఇన్నెస్ పియర్స్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక కేంద్రం తెరిచారు. జబ్బులు ఎందుకొస్తాయని అందరూ అడుగుతుంటే, మనిషి ఆరోగ్యంగా ఎలా ఉండగలుగుతాడని వాళ్లు అడిగారు. 1935లో దానికి సొంత భవనం లేచింది. నడుమ ఈతకొలను, దాని పక్కన అద్దాల గోడ. క్యాంటీన్లో టీ తాగుతూ కూర్చున్నవాళ్లకు ఈదేవాళ్లు కనిపిస్తుంటారు. నాలుగు రోజులు చూస్తే ఐదో రోజు తామూ దిగాలనిపిస్తుంది. రమ్మని ఎవరూ బతిమాలక్కర్లేదు. కుటుంబానికి వారానికి ఒక షిల్లింగు చందా. 950 కుటుంబాలు చేరాయి. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వైద్య పరికరం ఆ అద్దాల గోడే. 1948లో ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ వచ్చింది. రోగం రాకముందే జనాన్ని చేరదీసే ఈ కేంద్రం అందులో ఇమడలేదు. 1950లో మూతపడింది.

ఆ ఆలోచన మళ్లీ చిగురించింది తూర్పు లండన్‌లోని బ్రామ్లీ బై బో అనే పేదపేటలో. 1984లో అక్కడికి పాస్టరుగా వచ్చిన ఆండ్రూ మాసన్ చర్చి తలుపులు పేట మొత్తానికీ తెరిచాడు. ఆ ఆవరణలోనే 1997లో ఆరోగ్య కేంద్రం వెలిసింది. డాక్టరు గది పక్కనే తోట, బొమ్మలు చేసుకునే చోటు. చీటీ పట్టుకుని ఊరంతా తిరిగే పని లేదు.

2013లో ఫ్రోమ్ అనే చిన్న పట్నంలో హెలెన్ కింగ్‌స్టన్ అనే డాక్టరు ఇదే పని మొదలుపెట్టింది. ఊళ్లో ఎవరు ఎక్కడ కలుసుకుంటున్నారో జాబితా కట్టించి, మామూలు జనానికే దారి చూపడం నేర్పించింది. ఒంటరితనం మీద నడుం కట్టిన పార్లమెంటు సభ్యురాలు జో కాక్స్ 2016లో హత్యకు గురైంది. ఆమె తలపెట్టిన పనిని తోటి సభ్యులు వదల్లేదు. 2018 జనవరిలో బ్రిటన్ ఒంటరితనం కోసం ఒక మంత్రికి బాధ్యత అప్పగించింది. మరుసటి ఏడాది ఎన్‌హెచ్‌ఎస్ వెయ్యిమందికి పైగా లింక్ వర్కర్లను నియమిస్తామని ప్రకటించింది.

ఈ వైద్యానికి ప్రాణం ఆ లింక్ వర్కరే. డాక్టరుకు పది నిమిషాలే ఉంటే, ఈ మనిషి తీరిగ్గా కూర్చుంటుంది. ‘ఏం జబ్బు?’ అని కాదు, ‘మీకేది ఇష్టం?’ అని అడుగుతుంది. ఒకప్పుడు వడ్రంగం చేశానంటే పనిముట్లున్న షెడ్డు చూపిస్తుంది, పాటలంటే బృందం వెతుకుతుంది. తొలిరోజు అవసరమైతే వెంట నడుస్తుంది. ఒంటరితనానికి అలవాటుపడ్డ మనిషికి కొత్త గుంపులోకి అడుగుపెట్టే ఆ గడపే అన్నిటికన్నా ఎత్తు.

బంధాలకూ ఆయుష్షుకూ ముడి ఉందని 2010లో 148 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలన తేల్చింది. బంధాలు గట్టిగా ఉన్నవారు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువ. అయితే చీటీ రాసినంత మాత్రాన ఒంటరితనం ఎంత తగ్గుతుందో చెప్పే గట్టి రుజువులు ఇంకా తక్కువే. పైగా 2010 తర్వాత ఇంగ్లండులో స్థానిక సంస్థల నిధులకు కోతపడి ఎన్నో గ్రంథాలయాలు మూతబడ్డాయి. చీటీ రాసే చెయ్యి ఉండి, వెళ్లే చోటు లేకపోతే ఏం లాభం? పెక్‌హామ్ డాక్టర్లు ముందు చోటు కట్టారు. వరస అదే సరైనది.

మన దగ్గర వృద్ధుల కోసం 14567 నంబరుతో ఉచిత ఎల్డర్ లైన్ ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లో దాన్ని ఇవాళే సేవ్ చేసిపెట్టండి. అయితే నంబరు ఇచ్చి ఊరుకోకండి. పార్కుకో, భజనకో, గ్రంథాలయానికో తొలిరోజు మీరే వెంటబెట్టుకుని వెళ్లండి.