మెదకు మందిరము – రాయి మోసిన చేతులు

మా మాణికేశ్వర్ నగర్‌ను పెద్దలు నేటికీ వడ్డెర బస్తీ అనే పిలుస్తారు. రాయి కొట్టి బ్రతికిన కుటుంబముల చోటు ఇది. పక్కనే ఉస్మానియాలో 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల రాతి భవనమున్నది. కనుక మెదకు మందిరమును దర్శించినప్పుడు మా చూపు ముందుగా రాతి మీదికే పోయింది.

ఈ మందిరమును కట్టించినవారు వెస్లియన్ మిషనెరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు. 1895లో సికింద్రాబాదు వచ్చి, తిరుమలగిరి సైనికుల మధ్య కొంత పరిచర్య చేసి, తరువాత మెదకు పల్లెలకు వెళ్లారు. 1914లో మొదలైన పని పదేండ్లు సాగి, 1924 డిసెంబరు 25న మందిరము ప్రతిష్ఠింపబడినది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము ఎత్తు 175 అడుగులు. సుమారు 5,000 మంది కూర్చుని ఆరాధించవచ్చును.

లోపల మూడు రంగుటద్దముల కిటికీలు ఉన్నవి. ఆరోహణము 1927లో, క్రీస్తు జననము 1947లో, సిలువ 1958లో అమర్చబడినవి. వెలుగు తగిలినప్పుడు వాటి శోభ వర్ణింప శక్యము కాదు. చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ పేరు అందరికీ తెలుసు.

అయితే గోడల రాతిని చెక్కినది ఎవరు? కరువుతో అలమటించిన పల్లె జనమునకు ఈ పని కూడు పెట్టింది. మందిరము లేచినకొద్దీ పొయ్యిలు వెలిగాయి. దానము పుచ్చుకొనక, చెమటోడ్చి సంపాదించిన అన్నమది. కాలిఫోర్నియాలో స్పెయిను గురువులు 1769 నుండి 1823 వరకు నెలకొల్పిన 21 మిషనులలో కూడా గోడలు లేపినది ఎక్కువగా అక్కడి ఆదివాసులే. అక్కడా స్థాపకుల పేర్లే ముందు వినబడతాయి.

ప్రియ సంఘస్థులారా, రాయి మోసినవారు నేడు మన మధ్య లేరు. వారి మాటలు విన్న మనుమలు, మనుమరాండ్రు ఇంకా ఉన్నారు. ప్రతి సంఘము ఒక పుస్తకము తెరచి, ఏ ఊరివారు, ఏ ఇంటివారు ఆ పనికి వెళ్లారో వ్రాసి ఉంచవలెను. గోపురము ఇంకొక నూరేండ్లు నిలువవచ్చును. ముసలివారి జ్ఞాపకము అంతకాలము నిలువదు. ఈ పనిని ఈ సంవత్సరమే మొదలుపెట్టుదము.