లక్ష మైళ్ళ భయం

పాత కారు కొనడం ఎద్దును కొనడం వంటిదే. సంతకు వెళ్ళిన రైతు పళ్ళు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అయినా అమ్మేవాడికి తెలిసినంత కొనేవాడికి తెలియదు. ఈ సంగతినే జార్జ్ ఏకర్‌లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకొని ఒక వ్యాసంలో వివరించాడు. కొనేవాడు మంచి చెడ్డలు పోల్చుకోలేనప్పుడు దేనికైనా నాసిరకం ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు. చివరికి బజారులో నాసిరకమే మిగులుతుంది. ఇదీ ఆ వ్యాసం సారాంశం. 2001లో ఆయన మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నాడు.

ఏకర్‌లాఫ్ వ్రాసిన నాటికి లేని భయమొకటి తరువాత ఈ బజారులో ప్రవేశించింది. బాగా తిరిగిన హైబ్రిడ్ కారు కొంటే దాని బ్యాటరీ ఎప్పుడు చస్తుందో అన్న భయం అది. అది ఎక్కడ పుట్టింది, ఎవరు పోగొట్టారు, ఎంతవరకు పోగొట్టారు అన్నదే ఈ టపా విషయం. (హైబ్రిడ్‌ను "ఉభయచాలకం" అందామనిపించింది గానీ, కొనబోయేవాణ్ణి ఇంకా భయపెట్టడం ఎందుకని మానుకొన్నాను.)

పెట్రోలు యంత్రాన్నీ విద్యుత్తు మోటారునూ ఒకే బండికి కట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. 1900 ప్రాంతంలోనే వియన్నాలో ఫెర్డినాండ్ పోర్షె అలాంటి బండిని తయారుచేశాడు. 1916లో షికాగోలోని వుడ్స్ కంపెనీ ఇంకొకటి అమ్మకానికి పెట్టింది. రెండేళ్ళకే దాని కథ ముగిసింది. అప్పటికి పెట్రోలు కార్లు చౌకబడ్డాయి, చేత్తో తిప్పి స్టార్టు చేసే బాధ కూడా తప్పింది. రెండు యంత్రాల బరువూ ఖర్చూ మోయవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు.

మళ్ళీ ఆ అవసరాన్ని గుర్తించినది టయోటా. 1993లో మొదలై, తకేషి ఉచియమాద నాయకత్వంలో సాగిన పని ఫలితంగా 1997 డిసెంబరులో జపానులో ప్రియస్ విడుదలయింది. అమెరికాకు అది 2000లో వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందే, 1999 డిసెంబరులో, హోండా ఇన్‌సైట్ అక్కడ అడుగుపెట్టింది.

భయం పుట్టినది అప్పుడే. సెల్‌ఫోను బ్యాటరీ, టార్చిలైటు బ్యాటరీ రెండు మూడేళ్ళకే నీరసించడం అందరికీ అనుభవమే. మరి కారును నడిపే బ్యాటరీ ఎన్నాళ్ళుంటుంది? దీనికి జనానికి అందిన ఒకే ఒక అంకె వారంటీ: 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళు. కాలిఫోర్నియాలోనూ, దాని కాలుష్య నిబంధనలను అనుసరించే రాష్ట్రాలలోనూ ఇది చాలా కార్లకు 10 ఏళ్ళు లేదా లక్షా యాభై వేల మైళ్ళు. "అంతవరకు మాది పూచీ" అని కంపెనీ చెప్పిన మాట "అక్కడితో దాని ఆయుష్షు చెల్లు" అని జనం చెవికి సోకింది. హామీగా ఇచ్చిన అంకె మరణముహూర్తంగా మారిపోయింది.

లోపలి సంగతి వేరు. 2004 నుంచి 2009 దాకా అమెరికాలో అమ్మిన రెండవ తరం ప్రియస్ బ్యాటరీలో 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ఘటాలు 168 ఉంటాయి. ఆరేసి ఘటాలు ఒక దిమ్మగా, మొత్తం 28 దిమ్మలు వరుసగా కట్టి 201.6 వోల్టులు పుట్టిస్తారు. నిండా నింపడం, అడుగంటా ఖాళీ చేయడం బ్యాటరీ ఆయుష్షును తింటాయి. అందువల్ల కారులోని కంప్యూటరు దానిని సుమారు 40 శాతానికి దిగనివ్వదు, 80 శాతానికి ఎక్కనివ్వదు. మితాహారి దీర్ఘాయువవుతాడన్న మన పెద్దల మాట ఇక్కడ ఇంజనీరింగు సూత్రం. గేర్లు మార్చే పెట్టె స్థానంలో ఒక చక్కని దంతచక్రాల కూర్పు ఉంటుంది. క్లచ్చి లేదు, విడిగా స్టార్టరు మోటారు లేదు, ఆల్టర్నేటరు లేదు. వేగం తగ్గించే పనిలో ఎక్కువ భాగం మోటారే చేస్తుంది గనుక బ్రేకులు కూడా చాలాకాలం అరగవు.

కాని ఇంజనీరు లెక్కలు చూసి ఎవరూ పాత కారు కొనరు. భయాన్ని పోగొట్టినవారు టాక్సీవాళ్ళు. కెనడాలోని వాంకూవరులో ఒక టాక్సీ డ్రైవరు తొలి తరం ప్రియస్‌ను సుమారు రెండేళ్ళలో మూడు లక్షల కిలోమీటర్లకు పైగా నడిపాడు. టయోటా దానిని పరీక్షించుకోవడానికి తిరిగి తీసుకొంది. 2011లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక రెండు లక్షల మైళ్ళు దాటిన 2002 నాటి ప్రియస్‌ను తెచ్చి, పదేళ్ళ క్రితం తాము పరీక్షించిన దాదాపు కొత్త కారుతో పోల్చింది. గ్యాలనుకు అప్పుడు 40.6 మైళ్ళు, ఇప్పుడు 40.4. బ్యాటరీ మొదటిదే.

అయితే ఏ భయమూ పూర్తిగా వట్టిది కాదు. కాలం గడిచేకొద్దీ అసలు శత్రువు దూరం కాదు, వయసూ వేడీ అని తేలింది. అరిజోనా ఎండలో నిలబడి ఉన్న కారు, చల్లని ఊళ్ళో రోజూ తిరిగిన కారుకంటే ముందుగా బ్యాటరీని పోగొట్టుకోవచ్చు. 28 దిమ్మలూ ఒకే గొలుసు గనుక ఒక్కటి చెడితే కారు మొరాయిస్తుంది. చెడిన ఒక్కదానినే మార్చి అమ్మేసేవారు బయలుదేరారు. మిగిలిన 27 కూడా అదే వయసువి కదా, కొన్నాళ్ళకు మరొకటి పోతుంది. 2010 మోడలుగా మొదలైన మూడవ తరం కార్లలో బ్యాటరీ కన్నా ఇంజను హెడ్ గాస్కెట్టు ఎక్కువ పేరు మోసింది. అందరూ బ్యాటరీ వైపే చూస్తుండగా దెబ్బ వేరే దిక్కునుంచి వచ్చిందన్నమాట. ఇక రెండవ తరం కార్లకు దొంగల బెడద: పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరులో విలువైన లోహాలుంటాయని కిందనుంచి కోసుకుపోయేవారు.

ఈ చరిత్రంతా నాకు అక్కరకు వచ్చినది మిసోరీలో చదువుకొంటున్న మా మేనల్లుడి వల్ల. బ్యాంకు అప్పు మీద చదువు. చేతిలో అయిదు వేల డాలర్లు. అవి పోతే మరో అయిదు వేలు లేవు. రెండు కార్లు చూశాడు, రెండూ 2009వే. ఒకటి 68 వేల మైళ్ళే తిరిగింది, అరిజోనా నుంచి వచ్చింది, బ్యాటరీ మొదటిదే. రెండవది 1,62,000 మైళ్ళు తిరిగింది. "మామయ్యా, తక్కువ తిరిగిందే కదా మంచిది?" అన్నాడు. రెండవదానికి 2021లో సరికొత్త బ్యాటరీ వేసిన బిల్లు ఉందా అని అడగమన్నాను. ఉంది. నూనె మార్చిన కాగితాలూ వరుసగా ఉన్నాయి. మెకానిక్కు దిమ్మల వోల్టేజీలు ఒక్కొక్కటీ చదివితే అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఎక్కువ తిరిగినదానినే కొనమన్నాను, కొన్నాడు. పళ్ళు చూసినంత తేలికగా కాకపోయినా, తెలుసుకొనే ఉపాయం ఉన్నప్పుడు ఏకర్‌లాఫ్ చెప్పిన అంధకారం కొంత తొలగుతుంది.

మన దేశంలో ఈ ప్రశ్న ఆలస్యంగా మొదలయింది. హోండా సివిక్ హైబ్రిడ్ 2008లో, ప్రియస్ 2010లో వచ్చినా, విదేశాలనుంచి తెచ్చే ఆ కార్ల ధరలు సామాన్యుడికి అందలేదు. 2022లో గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ వంటివి రావడంతో పరిస్థితి మారింది. హైక్రాస్‌లో ఉన్నదీ నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీయే. దానికిచ్చిన వారంటీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు. అంటే అమెరికావారిని భయపెట్టిన ఆ లక్ష మైళ్ళే, వేషం మార్చుకొని మన ఊరికి వచ్చింది. హైదరాబాదు, విజయవాడ పాత కార్ల బజార్లలో రేపు ఆ అంకె దాటిన బండిని చవకగా వదిలించుకొనేవారూ ఉంటారు, ఒక్క దిమ్మ మార్చి అంటగట్టేవారూ ఉంటారు. మన ఎండలు వాంకూవరు ఎండలు కావని కూడా గుర్తుంచుకోవాలి. కాబట్టి అడగవలసిన ప్రశ్న "ఎంత తిరిగింది?" అన్నది కాదు, "ఎక్కడ, ఎలా తిరిగింది? బ్యాటరీ వయసెంత?" అన్నది.

రెండవ తరం ప్రియస్‌లలో 2,99,999 మైళ్ళ దగ్గర అంకెలు కదలడం మానేసిన కార్లున్నాయి. మీటరు ఆగిపోయింది గానీ కార్లు ఆగలేదు.