మొక్కల రంగులు: ఆరోగ్యం ఎవరిది, చరిత్ర ఎవరిది?

మొక్కల రంగులద్దిన బట్టలు మళ్ళీ మార్కెట్లోకొచ్చాయి. ఒంటికి మంచివి, నేలకు మంచివి, మన ప్రాచీన సంప్రదాయం అని చెప్పి అమ్ముతున్నారు. రసాయన రంగుల్లో విషం ఉన్న మాట నిజమే కాబట్టి ఈ ప్రచారాన్ని మేము పూర్తిగా తోసిపుచ్చడం లేదు. కానీ ఎవరి ఒంటికి మంచిదని అడగాల్సి ఉంది. కట్టుకునేవాళ్ళకా, రంగుతొట్లో చేతులు పెట్టేవాళ్ళకా? సంప్రదాయమంటే ఎవరి సంప్రదాయమనీ అడగాలి.

గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవునుంచి పారశీకానికీ, జావా, సుమత్రా దీవులకూ రంగుబట్టలు పోయేవి. 1618-22 మధ్య అక్కడున్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ ఎర్రరంగునిచ్చే చాయవేరు గురించి రాశాడు. దాన్నే మనవాళ్ళు చిరివేరు అన్నారు. తీరపు ఇసకనేలల్లో పెరిగే చిన్న మొక్క అది. రంగంతా సన్నటి వేరులోనే ఉంటుంది. దాన్ని తవ్వితీయాలి, ఎండబెట్టాలి, దంచాలి. అద్దకానికి ముందు గుడ్డను కరక్కాయ రసం, గేదెపాలు కలిపి అందులో ముంచాలి. పటిక అద్దినచోట చిరివేరు ఎరుపు పట్టుకుంటుంది. బెల్లంనీళ్ళలో తుప్పుపట్టిన ఇనుము నానేసి తీసిన నీళ్ళు అద్దినచోట నలుపొస్తుంది. మధ్యమధ్య పారేనీళ్ళలో ఉతకాలి, ఎండలో ఆరేయాలి. ఇంతమంది చేతులు పడితే తయారయ్యేది ఒక్క గుడ్డ. వేరు తవ్వినవాళ్ళు, అడవిలో కరక్కాయ ఏరినవాళ్ళు, నీళ్ళలో నిలబడి ఉతికినవాళ్ళు కళాచరిత్ర పుస్తకాల్లో కనబడరు. కలం పట్టిన చెయ్యి ఒక్కటే కనబడుతుంది.

పాఠ్యపుస్తకాలు చెప్పని సంగతి ఇంకొకటుంది. కరక్కాయలోని వగరు బట్టకు రంగు పట్టిస్తుంది. అదే వగరు తోలును కుళ్ళకుండా కాపాడుతుంది. మాదిగలు లందలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి తోళ్ళు ఊనారు. వగరుతో ఇనుము కలిస్తే నలుపొస్తుందనే జ్ఞానం లందకూ తెలుసు, అద్దకపు తొట్టికీ తెలుసు. లంద పక్కన నడవాల్సొస్తే ముక్కు మూసుకున్న ఊరు, అదే కరక్కాయ రసంలో ముంచిన గుడ్డను గుడిలో తెరగా కట్టుకుంది. ఒకచోట కళ అయిన విద్య ఇంకోచోట అంటు ఎట్లా అయ్యింది? తేడా రసాయనంలో లేదు, కులంలో ఉంది.

నేత కూడా కొన్ని కులాల సొత్తు కాదు. తెలుగు నేలమీద మాలలు ముతకబట్ట నేశారు. షెడ్యూల్డు కులాల జాబితాలో నేటికీ 'మాల సాలె, నేతకాని' అనే పేర్లున్నాయి. ఆ ముతకబట్టను కూలిజనం చిరిగేదాకా కట్టుకున్నారు కాబట్టి అది మ్యూజియందాకా రాలేదు. రాజులు దాచుకున్న గుడ్డల్ని చూసి రాసిన చరిత్రలో నేతకాని ఉండడు.

అట్లాగని పాతకాలమంతా బంగారమనే పాట మేము పాడలేం. కడప, కర్నూలు, నెల్లూరు ప్రాంతాల్లో నీలిమందు తీసిన పద్ధతే చూడండి. నీలిమొక్కను తొట్టిలో నానేసి, ఆ నీళ్ళను కింది తొట్టిలోకి వదిలేవాళ్ళు. కూలీలు అందులో దిగి గంటలకొద్దీ తెడ్లతో చిలికేవాళ్ళు. బెంగాల్ రైతులు 1859-60లో తిరగబడింది కూడా నీలిమందు దొరల మీదే. మొక్కనుంచి వచ్చినంత మాత్రాన ఏ రంగూ న్యాయమైన రంగు అయిపోదు.

ఆ తర్వాత కృత్రిమ రంగులొచ్చాయి. 1856లో లండన్‌లో పెర్కిన్ మొదటి రంగు తీశాడు. చిరివేరు ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను 1868లో జర్మన్లు ప్రయోగశాలలో తయారుచేశారు. 1897లో బీఏఎస్‌ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిమందును అమ్మకానికి పెట్టింది. రెండు దశాబ్దాలు తిరక్కముందే మన నీలిసాగు కుప్పకూలింది. ఈలోపు 1895లో ఫ్రాంక్‌ఫర్టులో లుడ్విగ్ రేన్ అనే వైద్యుడు రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో మూత్రాశయ క్యాన్సర్‌ను గుర్తించాడు. కార్మికుడి ఒంట్లో జబ్బు బయటపడ్డ దాదాపు వందేళ్ళకు, 1994లో, క్యాన్సర్ కారక అమీన్లు విడుదలచేసే అజో రంగుల్ని చర్మానికి తగిలే బట్టల్లో వాడొద్దని జర్మనీ నిషేధించింది. మన బట్టల ఎగుమతులు ఇబ్బందిలో పడ్డాక 1997లో భారత ప్రభుత్వం 70 అజో రంగుల్ని నిషేధించింది. కట్టుకునేవాడి చర్మం దాకా వస్తేగాని చట్టం మార్కెట్లో కదల్లేదు.

పాతబస్తీ అంచున ఉన్న మన సంతోష్‌నగర్ నుంచి చంపాపేట, ఎల్.బి.నగర్ దాటి విజయవాడ రోడ్డెక్కితే పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక మగ్గాలు ఎంతో దూరం కాదు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన పుట్టపాక తేలియా రుమాలుకు ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును రోజులతరబడి నానబెడతారు. అదంతా పాత విద్యే. కానీ ఆ రుమాలు ఎరుపు చిరివేరునుంచి అలిజరిన్‌కు మారి చాలాకాలమైంది. అంటే సంప్రదాయమనేది కదలని రాయి కాదు. దాన్ని ఎవరి మేలుకోసం మారుస్తున్నామనేదే అసలు సంగతి. చేనేత ఇళ్ళలో కాస్టిక్ సోడా, హైడ్రోస్ కలిపిన తొట్లో చేతులు పెట్టేది ఇంటి మనుషులే. వాడిన నీళ్ళు పోయేది వాడ కాలువలోకే.

మొక్కల రంగుల్ని ఈ కాలానికి తగ్గట్టు మార్చడం సాధ్యమేనని 1990ల్లో దస్త్‌కార్ ఆంధ్ర చేసిన పని చూపించింది. కె.వి. చంద్రమౌళి పాత అద్దకపు పద్ధతుల్ని మళ్ళీ కూర్చి నేతగాళ్ళకు నేర్పారు. ఆనాటి ఆదిలాబాద్ జిల్లా చెన్నూరు నేతగాళ్ళు వాటిని పట్టుకున్నారు. హైడ్రోస్ అక్కర్లేకుండా తగిరిస గింజలు, సున్నం వేసి నీలితొట్టిని పులియబెట్టే పద్ధతి ఉంది. ఆ తొట్టికి రోజూ మనిషి కావాలి. వాసన, రంగు, నురగ చూసి దాని పాకం తెలుసుకోవాలి. ఇది పుస్తకంలో ఇమిడే చదువు కాదు. ఈ నైపుణ్యానికి కూలి కట్టేటప్పుడు దాన్ని చదువుగా లెక్కగట్టాలి.

అందుకే ఆధునికీకరణ పేరుతో వచ్చే పథకాలను మేము కొన్ని ప్రశ్నలతో తూచమంటున్నాం. 'సహజ రంగు' పేరుతో క్రోమియం ఉప్పు, మైలుతుత్తం వాడుతున్నారా, లేక పటిక, ఇనుముతో సరిపెడుతున్నారా? రంగుతొట్టి దగ్గర గాలి ఆడుతుందా, చేతికి తొడుగుందా, పొయ్యి పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోంది? వాడిన నీళ్ళు శుద్ధయ్యాకే బయటికి పోతున్నాయా? 1956నుంచి గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తులు కొంటోంది. 2006 అటవీ హక్కుల చట్టం వాటిమీద ఆదివాసులకు హక్కిచ్చింది. మరి చీర ధర పెరిగినప్పుడు కరక్కాయ ఏరిన ఆదివాసి మహిళ వాటా పెరుగుతోందా? తంగేడు చెక్క గుణం తెలిసిన మాదిగ వృద్ధుణ్ణి ఏ శిక్షణ కేంద్రమైనా పంతులుగా పిలిచిందా?

విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ ఊళ్ళకు పోయినప్పుడు లంద నడిపిన పెద్దల్ని, ముతకబట్ట నేసిన ముసలివాళ్ళని, చాకిరేవు మనుషుల్ని అడిగి రాసుకోవాలి. ఏ చెట్టు చెక్క, ఏ కాయ, ఎన్ని రోజులు నానేశారో వాళ్ళ మాటల్లోనే రాయాలి. ఆ తరం వెళ్ళిపోతోంది. వాళ్ళ పేర్లు లేకుండా మొక్కల రంగులు తిరిగొస్తే, వాళ్ళ విద్య మీద ఇంకొకరి సంతకం పడుతుంది.